పరీక్షకూ ఉంది అదును

అమెరికాలో హైస్కూలు చదివే పిల్లలకు మే, జూన్ నెలలు గట్టి పరీక్షా కాలం. బడి పెట్టే ఫైనల్స్ ఒకవైపు, దేశమంతటికీ ఒకే తేదీన జరిగే సబ్జెక్టు పరీక్షలు మరోవైపు. ఎంత చదివారన్నది ఎంత ముఖ్యమో, ఏ పరీక్ష ఎప్పుడు రాశారన్నదీ అంతే ముఖ్యం. అక్కడి తెలుగు కుటుంబాలు ఈ లెక్క ముందే ఎందుకు వేసుకోవాలో చెప్పే కథనమిది.

2025 మే 3, శనివారం. కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష అమెరికా అంతటా జరిగిన రోజు. మధ్యలో ఒక్క ఆదివారం విరామం. సోమవారం నుంచి రెండు వారాలపాటు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. పిల్లలు వీటిని ఏపీ అంటారు. ఈ కథనంలో ఏపీ అన్న ప్రతిచోటా ఆ పరీక్షలనే అనుకోండి.

న్యూజెర్సీలో పదకొండో గ్రేడ్ చదివే ఒక అమ్మాయి ఆ శనివారం శాట్ రాసి, ఐదు ఏపీ సబ్జెక్టులు కూడా తీసుకుందనుకుందాం. మంగళవారం పొద్దున కెమిస్ట్రీ. బుధవారం మధ్యాహ్నం కంప్యూటర్ సైన్స్. శుక్రవారం అమెరికా చరిత్ర. శని, ఆదివారాలు గడిచాక సోమవారం క్యాలిక్యులస్. ఆ బుధవారం ఇంగ్లిష్ లాంగ్వేజ్. పన్నెండు రోజుల్లో ఆరు పెద్ద పరీక్షలు. అమ్మాయిని నేను ఊహించాను గానీ తేదీలన్నీ ఆ ఏటి టైంటేబుల్లోవే. 2026లోనూ వరస మారలేదు. మే 2న శాట్ పెట్టి, మే 4న ఏపీ మొదలుపెట్టారు.

ఇవి అయ్యాక బడి మూసేస్తారా అంటే లేదు. న్యూజెర్సీలో చాలా బడులు జూన్ మూడో వారం వరకు నడుస్తాయి. ఫైనల్స్ అప్పుడు మొదలవుతాయి. ఏప్రిల్ నుంచి నిద్ర తగ్గించుకుని చదివిన పిల్ల జూన్‌కు వచ్చేసరికి పూర్తిగా అలిసిపోయి ఉంటుంది. కాలేజీ దరఖాస్తుతో పాటు వెళ్లే ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించేది మాత్రం ఆ జూన్‌లో తేలే గ్రేడ్. పన్నెండో గ్రేడ్ సగంలో ఉండగానే దరఖాస్తులు వెళ్లిపోతాయి. ముందస్తు దరఖాస్తుకు చాలా కాలేజీల గడువు నవంబరు 1. అంటే అడ్మిషన్ ఆఫీసు చేతికి పూర్తి ఏడాదిగా అందే చివరి ఏడు పదకొండో గ్రేడే. ఆ ఏడాది ముగింపు మీద పడే ప్రతి ఒత్తిడికీ ఒక ఖరీదుంటుంది. ఎక్కువ ఇళ్లలో ఆ ఖరీదు ముందే లెక్కకు రావడంలేదు.

జూన్ శనివారం నాటి పాఠం

ఇప్పుడు లేని ఒక పరీక్ష గురించి చెప్పుకుంటే ఈ సమస్య మూలం తెలుస్తుంది. శాట్, ఏపీలు నిర్వహించే కాలేజీ బోర్డు 1937 నుంచి అచీవ్‌మెంట్ టెస్టులు పెడుతూ వచ్చింది. తర్వాత వాటి పేరు శాట్ 2 అయింది, ఆ తర్వాత శాట్ సబ్జెక్ట్ టెస్టులయింది. ఒక్కో సబ్జెక్టుకు గంట సమయం, 200 నుంచి 800 వరకు స్కోరు. ఒకే రోజు మూడు దాకా రాయొచ్చు. అదే రోజు శాట్ రాయడానికి మాత్రం వీల్లేదు. గణితంలో రెండు స్థాయులు ఉండేవి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, చరిత్ర, సాహిత్యం, రకరకాల భాషలు కూడా ఉండేవి.

అప్పట్లో పెద్ద కాలేజీల మీద ఆశ పెట్టుకున్న పిల్లలకు కౌన్సెలర్లు చెప్పే సలహా ఒకటుండేది. ఏ ఏడు ఏ సబ్జెక్టు చదివావో ఆ ఏడే జూన్‌లో ఆ టెస్టు రాసెయ్, పాఠం తాజాగా ఉన్నప్పుడే ముగించెయ్ అని. తొమ్మిదో గ్రేడ్‌లో బయాలజీ చదివిన పిల్ల ఆ జూన్‌లోనే బయాలజీ టెస్టు రాస్తే మళ్లీ ఆ పుస్తకం తెరిచే పని ఉండదు. అదే టెస్టును పన్నెండో గ్రేడ్ అక్టోబరుకు వాయిదా వేస్తే, రెండు మూడేళ్ల కిందటి కణవిభజన, జన్యుశాస్త్రం అన్నీ మొదటి నుంచి తిరగెయ్యాలి. ఫైనల్స్‌కు ఎలాగూ చదివే చదువు ఈ టెస్టుకూ పనికొస్తుందన్నది ఆ సలహా వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే.

చిక్కు మరోచోట ఉండేది. జూన్ టెస్టు నెలలో మొదటి శనివారం వచ్చేది. టెక్సస్, జార్జియా లాంటి దక్షిణాది రాష్ట్రాల పిల్లలకు అప్పటికి బడే అయిపోయేది. ఫైనల్స్ ముగించి, వారం పదిరోజులు ఊపిరి పీల్చుకుని వెళ్లి రాసేవాళ్లు. న్యూయార్క్, న్యూజెర్సీ పిల్లలకు అదే శనివారం ఫైనల్స్‌కు కొద్దిగా ముందు వచ్చేది. ఫైనల్స్ కోసం రివిజన్ చేస్తున్న బయాలజీని మధ్యలో ఆపి, టెస్టులో వచ్చే కోణంలో మళ్లీ చదవాల్సి వచ్చేది. అదే వారం మిగతా ఐదు సబ్జెక్టుల ప్రాజెక్టులు కూడా నెత్తిమీద ఉండేవి. మే నెల తేదీ ఎంచుకుంటే అది ఏపీకి సరిగ్గా ముందు పడేది. పిల్ల ఎక్కడ చదువుతోందన్న దాన్ని బట్టి ఒకే టెస్టు ఒకరికి సులువయ్యేది, ఇంకొకరికి మోయలేని బరువయ్యేది.

2021 జనవరిలో కాలేజీ బోర్డు ఈ టెస్టులను ఎత్తేసింది. అమెరికాలో వెంటనే ఆగిపోయాయి. బయటి దేశాల పిల్లలకు ఆ ఏడు మే, జూన్ నెలలతో చివరి అవకాశం ముగిసింది. అప్పటికే వీటిని అడిగే కాలేజీలు తగ్గిపోయాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2012లో చేరిన బ్యాచ్ నుంచే వీటిని తప్పనిసరి జాబితాలోంచి తీసేసింది. ఎంఐటీ 2020లో వద్దంది. ఏపీలు చాలా బడులకు చేరాయి గనుక వేరే సబ్జెక్టు పరీక్ష అవసరం లేదని బోర్డు వాదించింది.

ఒక పరీక్ష తగ్గింది కాబట్టి బరువు తగ్గిందని చాలామంది తల్లిదండ్రులు అనుకున్నారు. నేను దీన్ని ఒప్పుకోను. సబ్జెక్టులో పట్టు చూపించాల్సిన అవసరం అలాగే మిగిలింది. జూన్ శనివారం గంట పరీక్ష చేసిన పని ఇప్పుడు మేలో మూడు గంటల ఏపీ చేస్తోంది. 2024లో యేల్ విశ్వవిద్యాలయం పరీక్ష స్కోరు తప్పనిసరి చేస్తూ, శాట్, ఏసీటీ, ఐబీ పరీక్షలతో పాటు ఏపీ స్కోర్లనూ అంగీకరిస్తామంది. అదే ఏడు డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ మళ్లీ పరీక్షలు అడగడం మొదలుపెట్టాయి. ఎంఐటీ అంతకు రెండేళ్ల ముందే ఆ దారి పట్టింది. పైగా సబ్జెక్ట్ టెస్టులకు ఏడాదిలో ఆరు తేదీలుండేవి. ఇది కాకపోతే ఇంకొకటి అనుకునే వీలుండేది. ఏపీకి ఏడాదికి ఒక్క మే నెలే. తేదీ ఎంచుకునే వీలు పిల్లల చేతిలోంచి పోయింది.

ఒకే తేదీ, రకరకాల బడులు

ఏపీ మొదటిసారి 1956లో జరిగినప్పుడు 11 సబ్జెక్టులుండేవి. ఇప్పుడు 40 దాకా కోర్సులున్నాయి. స్కోరు 1 నుంచి 5 వరకు ఇస్తారు, జులై మొదట్లో ఫలితాలొస్తాయి. తేదీలు దేశమంతటికీ ఒకటే. బడులు తెరిచే తేదీలే ఒకటి కావు. ఈ సంగతి నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది కూడా.

డాలస్ చుట్టుపక్కల బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు, మే చివర్లో మూసేస్తారు. ఈశాన్య రాష్ట్రాల్లో చాలాచోట్ల సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాకే గంట కొడతారు. మే మొదటి వారంలో ఇద్దరు పిల్లలూ ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటారు. డాలస్ శివారు ప్లేనోలో చదివే పిల్లవాడికి న్యూజెర్సీలోని ఎడిసన్ పిల్లకంటే దాదాపు మూడు వారాల పాఠం ఎక్కువ అంది ఉంటుంది. ఎడిసన్‌లో కెమిస్ట్రీ టీచరు సిలబస్‌ను ఏప్రిల్‌లోనే పరుగెత్తించాలి. మంచు కురిసి నాలుగు రోజులు బడి మూతపడితే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. పోయిన రోజులను జూన్ చివర కలుపుతారు. మేలో జరిగిపోయిన పరీక్షకు జూన్‌లో కలిపిన రోజులు ఎందుకు పనికొస్తాయి?

పరీక్షల తర్వాత పరిస్థితి తిరగబడుతుంది. ప్లేనో పిల్లవాడికి ఏపీ అయిన రెండు మూడు వారాలకే ఫైనల్స్ వచ్చేస్తాయి. చదివింది ఇంకా మనసులో ఉంటుంది. ఎడిసన్ పిల్ల మరో ఐదారు వారాలు క్లాసులో కూర్చోవాలి. ఆ వారాల్లో టీచర్లు ప్రాజెక్టులు ఇస్తారు. కొన్ని బడులు ఏపీ రాసినవాళ్లకు ఆ సబ్జెక్టు ఫైనల్ మినహాయిస్తాయి. ఇది బడికీ బడికీ మారుతుంది. ఒక్కోసారి ఒకే బడిలో టీచరును బట్టి మారుతుంది. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ లాంటి పెద్ద జిల్లా ఏడాది చివర రెండు గంటల ఫైనల్స్‌ను దాదాపు పదేళ్ల కిందటే ఎత్తేసింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతమది. ఉద్యోగం మారి అక్కణ్నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లిన కుటుంబం పాత బడి లెక్కనే పట్టుకుంటే పిల్లలు నష్టపోతారు.

న్యూయార్క్ రాష్ట్రం సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ రీజెంట్స్ పరీక్షలున్నాయి. 1865లో పుట్టిన ఆ పద్ధతి అమెరికాలోని పాత రాష్ట్రస్థాయి పరీక్షల్లో ఒకటి. జూన్ మధ్య నుంచి జరుగుతాయి, చాలా బడుల్లో అవే ఫైనల్స్. ఆల్జీబ్రా, కెమిస్ట్రీ, అమెరికా చరిత్ర రాసే పిల్లలకు రాష్ట్రపరీక్షా బడిపరీక్షా ఒకటే అవుతుంది. రెండు వేరువేరు పరీక్షల మధ్య నలిగే బాధ కొంత తగ్గుతుంది. ఫ్లోరిడాలో ఆల్జీబ్రా, జామెట్రీ, బయాలజీ, అమెరికా చరిత్రల్లో రాష్ట్రం పెట్టే పరీక్ష ఆ కోర్సు గ్రేడ్‌లో 30 శాతం. టెక్సస్‌లో వసంతకాలంలో రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు నడుస్తాయి. పక్క రాష్ట్రంలో ఉన్న పిన్ని కూతురు ఏం చేసిందో తెలుసుకోవడం మంచిదే. ఆమె కేలండరు మన పిల్లకు అలాగే సరిపోతుందనుకుంటే మాత్రం పొరపాటు.

పొలంలో విత్తు పడే రోజును బట్టే పంట ఉంటుందని మన రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అదును తప్పితే మంచి విత్తనమూ సరిగా మొలవదు. పదహారేళ్ల పిల్లల పరీక్షల విషయంలో మనం ఆ తెలివిడి వాడుకోవడంలేదు.

మనతో పాటు వెళ్లిన అలవాటు

అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఇంటర్, ఎంసెట్ దాటి వచ్చినవాళ్లే. మనకు వరస ముందే తెలిసి ఉండేది. మార్చిలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, అవి కాగానే రోజుకు పద్నాలుగు గంటల ఎంసెట్ చదువు, మేలో పరీక్ష, తర్వాత ర్యాంకు. ఏడాది పొడుగునా క్లాసులో ఏం చేశామన్నది ఎవరూ అడిగేవారు కాదు. చివరి రోజు ఒక్కటి బాగుంటే అన్నీ బాగున్నట్టే. ఆ అలవాటుతోనే మనం అక్కడ పిల్లల ఏపీలను చూస్తున్నాం. ఏపీ మన కళ్లకు ఎంసెట్‌లా కనిపిస్తుంది, బడి గ్రేడ్ పక్కన పెట్టేయదగ్గ విషయంగా కనిపిస్తుంది. అక్కడి కాలేజీలు చూసేది ఆ వరసలో కాదు. నాలుగేళ్ల గ్రేడ్‌లు, ఎంత కష్టమైన కోర్సులు తీసుకున్నారన్నది ముందు చూస్తారు. ఏపీ స్కోరు వాటిని బలపరుస్తుంది. ఏపీలో 5 తెచ్చుకుని అదే సబ్జెక్టు ఫైనల్‌లో దిగజారితే, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆ గ్రేడ్ అలాగే ఉండిపోతుంది.

వారాంతం పాట్‌లక్‌లో వినిపించే మాట ఒకటుంది. ‘వాళ్లబ్బాయి ఆరు రాస్తున్నాట్ట, నువ్వు మూడేనా అమ్మా?’ ఈ మాట అనేవాళ్లకు దురుద్దేశం ఉండదు, ప్రేమే ఉంటుంది. అది విన్న పిల్ల మాత్రం నవంబరులో ఇంకో రెండు సబ్జెక్టులకు ఫీజు కట్టిస్తుంది. ఆ బరువు మేలో ఆమె మీదే పడుతుంది.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి మెరుగని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2022లో జరిగింది గుర్తు చేసుకోండి. ఆ ఏడు మార్చి 1న జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ, ఏప్రిల్ 16 నుంచి జేఈఈ మెయిన్ అని ప్రకటించింది. రెండు రాష్ట్రాల ఇంటర్ పరీక్షలకూ అప్పటికే ఏప్రిల్ తేదీలున్నాయి. బోర్డులు వాటిని ఏప్రిల్ 22కు జరిపాయి. ఇంతలో ఎన్‌టీఏ జేఈఈని ఏప్రిల్ 21 నుంచి మే 4 మధ్యకు మార్చింది. మళ్లీ ఢీ. ఇంటర్ మే 6కు వెళ్లింది. ఆ తర్వాత ఎన్‌టీఏ జేఈఈని ఏకంగా జూన్ 20కి తీసుకెళ్లింది. రెండు నెలలు తిరక్కుండానే ఒక్కో విద్యార్థి రివిజన్ ప్లాను మూడుసార్లు చింపి మళ్లీ రాసుకున్నాడు. అప్పటికి రెండేళ్లుగా కొవిడ్‌తో క్లాసులు సరిగా జరగని బ్యాచ్ అది. కేలండర్లు తయారుచేసే రెండు ఆఫీసులు ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఆ పిల్లలు అనుభవించారు.

ఇప్పుడు జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతోంది. మధ్యలో ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. జనవరిలో మంచి స్కోరు వస్తే పిల్లలు మార్చి మొత్తం ఇంటర్‌కు ఇవ్వొచ్చు. ఎన్‌ఐటీలో సీటుకు ఇంటర్లో 75 శాతమో, బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో చోటో ఉండాలి గనుక అది వృథా పోదు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజి ఉంది. తెలంగాణ దాన్ని తీసేసింది. సరిహద్దు ఈవల చదివి ఆవల సెట్ రాసే పిల్లలకు ఈ తేడా పెద్దది.

హైదరాబాద్‌లో ఉండి అమెరికా కాలేజీల కోసం ఏపీలు రాసే పిల్లలు కూడా ఉన్నారు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు ఏప్రిల్ మొదటికల్లా దాదాపు అయిపోతాయి. మేలో ఏపీ వచ్చేసరికి వాళ్లకు నెలరోజుల నిలకడైన సమయం దొరుకుతుంది. న్యూజెర్సీ పిల్లకు దొరకని అవకాశమది. ఎండలు మండే ఏప్రిల్‌ను ఆ ఒక్క పనికే ఇచ్చేస్తే చాలు. అప్పుడే ఏప్రిల్ జేఈఈని కూడా కలుపుకుంటే ఆ వెసులుబాటు ఆవిరైపోతుంది. రెండు దేశాల దారులూ ఒకే నెలలో నడవడం కష్టం.

ఆగస్టులో వేయాల్సిన లెక్క

ఈ ఒత్తిడి గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అప్పటికి మార్చుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. ఏపీ పరీక్షలకు బడి నవంబరు మధ్యలోగా ఆర్డరు పెట్టాలి. అమెరికాలో 2025లో ఒక్కో పరీక్షకు ఫీజు 99 డాలర్లు. గడువు దాటితే ఇంకో 40. కట్టాక వద్దనుకున్నా 40 పోతుంది. కోర్సుల ఎంపిక అంతకంటే ముందు, కిందటి ఏడు వసంతంలోనే జరిగిపోతుంది. కాబట్టి కూర్చుని లెక్క వేసుకోవాల్సింది బడి తెరవకముందు, ఆగస్టులో. ఆ రోజు బల్ల మీద ఏపీ టైంటేబులు, శాట్ తేదీలు, బడి కేలండరు మూడూ ఉండాలి. ఏపీ తేదీలు ఏడాది ముందే ప్రకటిస్తారు గనుక ఊహించుకోవాల్సిందేమీ లేదు.

ఆ లెక్కలో మొదట కదల్చాల్సింది శాట్‌ను. ఏపీ తేదీ మన చేతిలో లేదు, ఫైనల్స్ తేదీ మన చేతిలో లేదు. శాట్‌కు మాత్రం ఏడాదిలో ఎన్నో శనివారాలున్నాయి. ఏపీకి రెండు రోజుల ముందు వచ్చే మే శాట్‌ను పదకొండో గ్రేడ్ పిల్లలు రాయడంలో నాకు ఏ లాభమూ కనిపించదు. మార్చిలో రాసేస్తే మే అంతా ఏపీకి ఇవ్వొచ్చు. అది కుదరకపోతే ఆగస్టు ఉంది. 2017లో కాలేజీ బోర్డు ఆగస్టు తేదీ మొదలుపెట్టింది, పిల్లలకు అది నిజంగా మేలు చేసింది. ఈశాన్యంలో అప్పటికి బడి తెరవరు, ఫైనల్స్ ఎక్కడా ఉండవు. జూన్ శాట్ దక్షిణాది పిల్లలకు బాగుంటుంది గానీ, ఈశాన్యంలో ఫైనల్స్‌కు ఆనుకుని వస్తుంది.

ఇక్కడ మన కుటుంబాలకే ప్రత్యేకమైన అడ్డంకి ఒకటుంది. బడి మూసిన మర్నాడే ఇండియా విమానం. తాతయ్య, అమ్మమ్మ ఏడాది ఎదురుచూస్తారు, పెళ్లి ముహూర్తాలు కూడా ఆ వేసవిలోనే ఉంటాయి. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే ఆడపిల్లలకు చాలాసార్లు అరంగేట్రం కూడా ఆ సెలవుల్లోనే. టికెట్లు జనవరిలోనే కొనేస్తాం, పరీక్ష తేదీలు అప్పుడు గుర్తుకు రావు. టికెట్ కొనడం అంటే పరీక్ష తేదీ నిర్ణయించడమేనని తెలిస్తే చాలా ఇళ్లలో జూన్ గొడవలు జరగవు. అమ్మమ్మ ఇంట్లో ఉండగా రాయాల్సి వచ్చినా దారి ఉంది. హైదరాబాద్‌లో శాట్ కేంద్రాలున్నాయి, పాస్‌పోర్టు ఎలాగూ చేతిలో ఉంటుంది. ముందుగా నమోదు చేసుకోవాలంతే.

రెండోది, ఏపీల సంఖ్య. ఇన్ని రాయమని ఎవరికీ ఒకే లెక్క చెప్పలేం. పదకొండో గ్రేడ్‌లో ఎన్ని తీసుకున్నా, అవి ఏ తేదీల్లో పడుతున్నాయో ముందు చూడండి. 2025లో బయాలజీ, కెమిస్ట్రీ వరసగా సోమ, మంగళవారాలు వచ్చాయి. రెండూ తీసుకున్నవాళ్లకు మధ్యలో ఒక్క రాత్రి మిగిలింది. కెమిస్ట్రీ, క్యాలిక్యులస్ మధ్య మాత్రం ఆరు రోజుల ఎడముంది. ఒకే సమయానికి రెండు పడితే చివర్లో లేట్ టెస్టింగ్ వారం ఉంటుంది, దానికి అదనపు ఫీజు ఉండదు. అది అడిగి తెచ్చుకోవాలి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

మూడోది చదివే తీరు. పదే పదే చదివినంత మాత్రాన గుర్తుండదని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక వచనాన్ని మళ్లీ చదివారు, ఇంకొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే పుస్తకం మూసి రాసినవాళ్లు ముందున్నారు. ఏప్రిల్ అంతా ఇలా చదివిన కెమిస్ట్రీ జూన్ ఫైనల్‌కూ మిగులుతుంది. మే 5 రాత్రి మేలుకుని ఎక్కించుకున్న కెమిస్ట్రీ జూన్ దాకా ఉంటుందన్న నమ్మకం లేదు. ఏపీ అయిన మర్నాడే పుస్తకాలు అటక మీద పెట్టేయకుండా, వారానికి ఒకసారి పాత ప్రశ్నలు నాలుగు పుస్తకం చూడకుండా చేస్తే చాలు. ఎడిసన్ పిల్లకు ఆ ఐదారు వారాల ఖాళీ అప్పుడు పనికొస్తుంది.

నిద్ర గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది అమెరికాలోని నిద్రా వైద్య నిపుణుల అకాడమీ మాట. కాలిఫోర్నియాలో హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు ముందు తెరవకూడదని 2022 నుంచి చట్టం అమలులో ఉంది. ఒక రాష్ట్రం చట్టం చేసేదాకా వెళ్లిందంటే, పిల్లల నిద్ర ఎవరో ఒకరు కాపాడాల్సిన స్థితికి వచ్చిందనే కదా. మే నెలలో ఇంటి దీపం రాత్రి రెండింటి దాకా వెలుగుతుంటే మనకు గర్వంగా ఉంటుంది, మన అమ్మానాన్నలకూ అలాగే ఉండేది. ఆ దీపం ఆర్పించడం కూడా తల్లిదండ్రుల పనే.

ఆఖరి మే నెల

పన్నెండో గ్రేడ్ మేలో మళ్లీ ఏపీలు వస్తాయి. ఈసారి లెక్క పూర్తిగా వేరు. ఏ కాలేజీలో చేరతారో తేల్చుకునే గడువు చాలాచోట్ల మే 1. పరీక్షలు ఆ తర్వాత జరుగుతాయి, స్కోర్లు జులైలో వస్తాయి. ఆ స్కోర్లు అడ్మిషన్‌కు ఏ విధంగానూ ఉపయోగపడవు. ఉపయోగం ఉంటే కాలేజీ క్రెడిట్‌కే. బడి గ్రేడ్‌లు మాత్రం ఇంకా లెక్కలోనే ఉంటాయి. సీటిచ్చిన కాలేజీ జూన్ తర్వాత చివరి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకుంటుంది. గ్రేడ్‌లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే అధికారం దానికుంది. అందుకే ఆ నెలలో ఏపీ, ఫైనల్స్ మధ్య ఒకటే పట్టగలమనుకుంటే ఫైనల్స్‌నే పట్టుకోవాలి.

క్రెడిట్ ఇవ్వడంలో కాలేజీల తీరు ఒకటి కాదు. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఉదారంగా ఇస్తాయి, ఒక సెమిస్టరు ఫీజు మిగిలే అవకాశం కూడా ఉంటుంది. ఎంఐటీ క్యాలిక్యులస్ బీసీలో 5 వస్తే తన మొదటి గణితం కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కెమిస్ట్రీకి ఇవ్వదు. డార్ట్‌మత్ 2018లో డిగ్రీ పూర్తిచేసిన బ్యాచ్ నుంచి ఏపీకి డిగ్రీ క్రెడిట్ ఆపేసింది. కాల్‌టెక్ కూడా ఏపీ స్కోరుకు క్రెడిట్ ఇవ్వదు.

కాబట్టి మే 1న కాలేజీ తేలగానే ఆ సాయంత్రమే ఒక పని చేయొచ్చు. ఆ కాలేజీ వెబ్‌సైటులో ఏపీ క్రెడిట్ పట్టిక తీసి, పిల్లతో కలిసి చూడండి. తను రాయబోయే సబ్జెక్టు ఆ పట్టికలో లేకపోతే, ఆ పరీక్ష వదిలేయొచ్చని మీరే ముందు చెప్పండి. నవంబరులో కట్టిన డబ్బు పోతుందని తను వెనకాడవచ్చు. ఏపీ రాసినవాళ్లకే ఆ సబ్జెక్టు ఫైనల్ మినహాయిస్తామనే బడి అయితే వదిలితే ఎదురు నష్టం, అది ముందే టీచర్ని అడగాలి. అలాంటి షరతు లేకపోతే ఆ పరీక్షకు పోయే నాలుగు రోజులు ఫైనల్స్‌కు మిగులుతాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల పక్క గదిలో పుస్తకాలు సర్దుకుంటోంది. ఆ నిర్ణయం తననే తీసుకోనివ్వండి.